2020 అన్నారు, 2047 అంటున్నారు: మా జీవో 3 ఎక్కడ?



ఇంకో డిసెంబర్ 31 దగ్గరికొస్తోంది. బెజవాడ బందరు రోడ్డు పొడుగునా బేకరీల ముందు షామియానాలు లేస్తాయి. కేకులు బారులు తీరతాయి. అర్ధరాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసులు బారికేడ్లు పెడతారు. అది కుర్రాళ్ల సరదా, దాంతో మాకు పేచీ లేదు. మా పేచీ సర్కారు చేసే పండగతో. ఏదో ఒక సంవత్సరం అంకె పట్టుకుని, దాని చుట్టూ లైట్లు కట్టి, ఆ ఏటికల్లా అందరి బతుకులూ బంగారమైపోతాయని చెప్పి, ఆ స్టేజీ కింద మాతో డోలు కొట్టించే పండగతో.

2024 డిసెంబర్ 13న విజయవాడ ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో 'స్వర్ణాంధ్ర 2047' విజన్ డాక్యుమెంట్ విడుదల చేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్లు నిండేనాటికి రాష్ట్రం ఎలా ఉండాలో అందులో రాశారు. పది సూత్రాలు పెట్టారు. మొదటి సూత్రం, పేదరికం లేకుండా చేయడం. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ మాట ఆదివాసీల చెవిన పడటం ఇది రెండోసారి. మొదటిసారి అన్నప్పుడు మా తరంలో కొందరం ఇంకా పుట్టలేదు, కొందరం అమ్మ చంకలో ఉన్నాం. మమ్మల్నే మిలీనియం పిల్లలు అన్నారు. అప్పుడు ఏం చెప్పారు, ఏం ఇచ్చారు, ఇచ్చింది ఎటు పోయింది? ఈ లెక్క తీయకుండా రెండో పండక్కి డోలు ఎత్తకూడదు. ఈ పోస్టు అందుకే.

మొదటి పండగ

1999 ఆఖరు. కొత్త సహస్రాబ్ది వస్తోందని ప్రపంచమంతా ఊగిపోతోంది. నిజంగా లెక్కేస్తే మూడో సహస్రాబ్ది 2001 జనవరి 1న మొదలవ్వాలి, ఎందుకంటే క్రీస్తు శకంలో సున్నా సంవత్సరం లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు చెప్పారు, ఎవరూ వినలేదు. మూడు సున్నాలు ఒక్కసారే తిరగడం చూడ్డానికి బాగుంటుంది కదా. తెలుగు పంచాంగంలో అప్పటికి ప్రమాది నామ సంవత్సరం నడుస్తోంది, ఉగాది ఇంకా రాలేదు. మా కొండల్లో ఇప్పపువ్వు రాలడానికి కూడా ఇంకా రెండు మూడు నెలలుంది. అంటే మా లెక్కలో ఆ రోజు ఏమీ మొదలవ్వలేదు.

ఆ రోజుల్లో పెద్దమనుషుల భయమంతా కంప్యూటర్ల గురించి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాశారు కాబట్టి 2000 వస్తే మిషన్లు దాన్ని 1900 అనుకుంటాయని. వైటూకే అన్నారు దాన్ని. దాన్ని దిద్దడానికి దేశదేశాలూ డబ్బు కుమ్మరించాయి. మన తెలుగు కుర్రాళ్లు చాలామంది అమెరికా విమానం ఎక్కింది ఆ పని మీదే. మంచిదే. కానీ ఒక్కటి గమనించండి. మిషన్ 1900లోకి వెనక్కి పోతుందేమోనని అంత కంగారు పడ్డవాళ్లు, మనుషుల్ని ఆ కాలంలోనే ఉంచేసినందుకు ఒక్కరోజైనా కంగారు పడ్డారా?

మన దేశం ఆ పండగని ఎక్కడికి తీసుకెళ్లిందో తెలుసా? ఆదివాసీల దీవికే. నికోబార్ దీవుల్లో కచ్చల్ అని ఒక దీవి ఉంది, నికోబారీ తెగవాళ్ల ఊళ్లు. కొత్త సహస్రాబ్ది తొలి సూర్యోదయం అక్కడే కనపడుతుందని టూరిజం ప్రచారం చేశారు. బయటివాళ్లు అడుగుపెట్టాలంటే పర్మిషన్ కావాల్సిన గిరిజన రక్షిత ప్రాంతం అది. పండగ కోసం అది చూడదగ్గ స్థలం అయిపోయింది. ఐదేళ్లు తిరక్కముందే 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. కచ్చల్లో వేలమంది చనిపోయారు, ఆచూకీ లేకుండా పోయారు. సునామీ ఎవరూ తెచ్చింది కాదు, ఆ నింద మేం ఎవరి మీదా వేయం. కానీ తొలి సూర్యుడి కోసం కచ్చల్ పేరు నేర్చుకున్న దేశంలో ఇవాళ ఎంతమందికి ఆ పేరు గుర్తుంది? అదే దీవుల్లో గ్రేట్ నికోబార్‌లో ఇప్పుడు 130 చదరపు కిలోమీటర్ల అడవి తీసేసి ఓడరేవు, ఎయిర్‌పోర్టు, టౌన్‌షిప్ కడతామంటున్నారు. అక్కడుండేది షోంపెన్, నికోబారీ తెగలు. సూర్యుడైనా ఓడరేవైనా, మా నేల గుర్తొచ్చేది వాళ్లకి అవసరం పడ్డప్పుడే.

మన రాష్ట్రంలో ఆ మిలీనియం పండగ పేరు 'విజన్ 2020'. 1999లో మెకిన్సే అనే అమెరికా కన్సల్టెన్సీ కంపెనీ సాయంతో తయారు చేయించారు. 2020 కల్లా పేదరికం ఉండదన్నారు, అసమానతలు మాసిపోతాయన్నారు. ఇరవై ఏళ్ల దూరంలో ఒక అంకె పెట్టి, దాని వైపు చూడమన్నారు. చూశాం.

పదో రోజున పుట్టిన కాగితం

ఆ కొత్త సహస్రాబ్దిలో మాకు నిజంగా ఒక్క కాగితం దక్కింది. 2000 జనవరి 10. కొత్త సంవత్సరం వచ్చి పది రోజులు. ఆ రోజు వచ్చిందే జీవో ఎంఎస్ నంబర్ 3. షెడ్యూల్డు ప్రాంతాల స్కూళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని, అందులో మూడో వంతు ఆడవాళ్లకి అని. గవర్నరుకి రాజ్యాంగం ఐదో షెడ్యూలు, 5(1) పేరా ఇచ్చిన అధికారంతో ఇచ్చిన జీవో అది.

ఇది ఎవరో దయతలచి పడేసింది కాదు. దాని వెనక 1986 నాటి జీవో 275 ఉంది, అది కోర్టుల్లో దెబ్బతినడం ఉంది, ఉద్యమం ఉంది. ఆ జీవో ఎందుకు కావాల్సొచ్చిందో ఏజెన్సీలో ఏ ముసలాయన్ని అడిగినా చెబుతాడు. మైదానం నుంచి పోస్టింగు మీద వచ్చిన మాష్టారు జీతం రోజు కనపడేవాడు. వానాకాలం వాగు పొంగితే దసరా దాకా రాడు. వచ్చినా పిల్లలకి ఆయన మాట తెలీదు, ఆయనకి పిల్లల మాట తెలీదు. కోయ పిల్ల 'ఏరు' అంటే నీళ్లు. తెలుగు మాష్టారికి ఏరంటే వాగు. దాహమేసి ఆ పిల్ల ఏరు అడిగితే, వాగుకి పోతానంటోంది కాబోలు, కూర్చో అంటాడు. అట్లా కూర్చోబెట్టిన పిల్ల రెండో రోజు బడికి రాదు. మనం దాన్ని డ్రాపవుట్ అని రాస్తాం.

జీవో 3 వచ్చాక ఆ బడిలో ఆ ఊరి పిల్లో పక్క ఊరి పిల్లాడో టీచరయ్యాడు. వాగు పొంగినా బడి తెరుచుకుంది, ఎందుకంటే టీచరిల్లు వాగుకి ఇవతలే ఉంది. ఇంటికి మొదటి జీతం వచ్చింది. ఆ జీతం మీద తమ్ముళ్లూ చెల్లెళ్లూ విజయవాడ, రాజమండ్రి హాస్టళ్లకొచ్చి డిగ్రీలు చదివారు. ఇవాళ ఈ పేజీలో రాస్తున్నవాళ్లం, చదువుతున్నవాళ్లం చాలామంది ఆ మొదటి జీతాల బిడ్డలమే. పండగ స్టేజీల మీద చెప్పిన ఏ మాటకంటే కూడా ఆ ఒక్క కాగితం మాకు ఎక్కువ చేసింది.

2020 ఏప్రిల్ 22

దాని మీద కేసులు పడ్డాయి. 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో జీవో నిలబడింది. మళ్లీ సుప్రీంకోర్టుకి వెళ్లారు. అక్కడ దాదాపు పద్దెనిమిదేళ్లు నానింది. 2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్లో తలుపులేసుకున్న రోజుల్లో, ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం జీవో 3 చెల్లదని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. గవర్నరుకున్న 5(1) అధికారం ప్రాథమిక హక్కుల్ని దాటిపోదంది. అప్పటికే ఉన్న ఉద్యోగాలు మాత్రం ఉంచి, ఇకముందు యాభై శాతం దాటొద్దని చెప్పింది. రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి 5 లక్షల ఖర్చులు కూడా వేసింది.

ఏ సంవత్సరమో మళ్లీ చూడండి. 2020. పేదరికం ఉండదని ఇరవై ఏళ్ల ముందు లైట్లు పెట్టిన 2020. స్వర్ణాంధ్ర వస్తుందన్న సంవత్సరంలో మా చేతిలో ఉన్న ఒక్క కాగితం చిరిగిపోయింది. సహస్రాబ్ది పదో రోజున పుట్టి, విజన్ నెరవేరాల్సిన ఏట చచ్చిపోయింది. మా తరం లెక్కలో మిలీనియం అంటే ఇదీ.

కొందరు స్నేహితులు అడుగుతారు: "నూరు శాతం అంటే మరి అన్యాయం కాదా? మెరిట్ ఉన్నవాళ్లు ఏం కావాలి?" అని. సూటిగానే చెబుదాం. బడి ఎవరి కోసం? టీచరు ఉద్యోగం కోసమా, పిల్ల చదువు కోసమా? కువి, సవర, కోయ మాట్లాడే పిల్లకి ఒకటో తరగతిలో చదువు చెప్పాలంటే ఆ భాష రావడమే మొదటి మెరిట్. ఆ మెరిట్ పేపర్లో మైదానం అభ్యర్థికి ఎన్ని మార్కులొస్తాయి? ఆ పరీక్ష పెట్టకుండా మిగతా పరీక్ష పెట్టి, మేం వెనకబడ్డాం అనడం ఏం న్యాయం?

సరే, కోర్టు కొట్టేసింది. తర్వాత ప్రభుత్వాలు ఏం చేశాయి? జెండాలు మారాయి. ఓట్ల కాలంలో ఏజెన్సీకి వచ్చిన నాయకుల నోట జీవో 3 మాట వింటూనే ఉన్నాం. 2025 ఏప్రిల్లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. ఆ పాత హక్కు మాత్రం తిరిగి రాలేదు. ఆదివాసీ నిరుద్యోగులు రోడ్డెక్కారు, మన్యంలో బందులు చేశారు. 2047లో రాష్ట్రం ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పగలిగినవాళ్లకి, వచ్చే జూన్లో కొండ మీది బడికి ఏ భాష టీచరొస్తాడో చెప్పడం మాత్రం కష్టమవుతోంది.

నీళ్ల పండగ, మట్టి పండగ

బెజవాడ వాళ్లు అనొచ్చు, ఏజెన్సీ గోల మాకెందుకని. డెల్టాకి ఏజెన్సీకి సంబంధం ఎంతుందో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరికెళ్లి చూడండి. 2015 సెప్టెంబర్లో పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి అక్కడ కృష్ణలో కలిశాయి. దానికి పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలప్పుడు అక్కడే హారతులిచ్చారు. డెల్టాలో 13 లక్షల ఎకరాల ఆయకట్టు. నారుమళ్లకి టైముకి నీళ్లొస్తే రైతన్న ముఖంలో వెలుగొస్తుంది. ఆ రైతుతో మాకు తగాదా లేదు.

కానీ ఆ కాలువ పోలవరం ప్రాజెక్టుది. అదే ప్రాజెక్టు డ్యాముకి ఎగువన, నీళ్లు నిలబెట్టే చోట, లక్షకు పైగా కుటుంబాలు ఊళ్లు వదలాలి. అందులో సగం దాకా కోయ, కొండరెడ్డి కుటుంబాలే. 2014లో ఆ ఊళ్లున్న ఏడు మండలాల్ని ఆర్డినెన్సుతో ఇటు కలిపేశారు, ఏ గ్రామసభనీ అడగలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తడిశారు. పునరావాసం 41.15 మీటర్ల లెక్క అని, తర్వాత 45.72 మీటర్ల లెక్క అని రెండు విడతలు చేశారు. వరదకి మీ విడతలు తెలుసా? రెండు నదులు కలిసిన చోట హారతిచ్చారు సరే. ఆ కలయిక కోసం విడిపోయిన ఊళ్లకి ఏం ఇచ్చారు?

ఇంకో పండగ గుర్తుందా? 2015 అక్టోబర్ 22, ఉద్దండరాయునిపాలెంలో అమరావతి శంకుస్థాపన. రాష్ట్రంలో ఊరూరి నుంచీ మట్టి, నీళ్లు తెప్పించారు. మన మట్టి, మన నీరు అన్నారు. ఆ మాట మాకు ఎంత దగ్గరిదో వాళ్లకి తెలుసో లేదో. జల్, జంగల్, జమీన్ అని మేం ఎప్పట్నించో అంటున్నది అదే కదా. పిడికెడు మట్టి అడిగితే ఊరు ఇస్తుంది. ఊరు ఊరే నీళ్లలోకి పోతుంటే మాత్రం, ఆ మట్టికి హారతి పట్టేవాళ్లు ఉండరు.

డెల్టాలో ఆదివాసీలు లేరా?

ఏజెన్సీ దాకా పోనక్కర్లేదు, డెల్టా కాలువ గట్ల మీదే చూడండి. అవనిగడ్డ, నాగాయలంక, కైకలూరు వైపు చెరువుల దగ్గర కాపలా ఉన్నదెవరు? వరి చేలో ఎలుకలు పడితే రైతు కబురు పెట్టేది ఎవరికి? యానాది అన్నదమ్ములకి. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్రంలో యానాదులు ఐదు లక్షలకు పైనే. వాళ్లూ షెడ్యూల్డు తెగే. కానీ మైదానంలో ఉన్నారు కాబట్టి ఐదో షెడ్యూలు వర్తించదు, పెసా వర్తించదు, 1/70 వర్తించదు. గట్టు మీద గుడిసెకి పట్టా ఉండదు. పట్టా లేదు కాబట్టి అడ్రసు లేదు. అడ్రసు లేదు కాబట్టి ఆధారూ కులం సర్టిఫికెట్టూ తిప్పలే. అవి లేవు కాబట్టి బడిలో పిల్ల పేరు దగ్గర కూడా పేచీ. ఒక్క కాగితం లేకపోవడం ఒక బతుకంతా లేకుండా చేస్తుంది.

ఎరుకల వాళ్ల సంగతి చూడండి. దేశమంతా పండగ చేసుకునేది 1947 ఆగస్టు 15. కానీ బ్రిటిష్ వాడు 1871లో పెట్టిన నేరస్త తెగల చట్టం ఆ రోజు పోలేదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి, పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన చట్టం అది. అది రద్దయింది 1952 ఆగస్టు 31న. ఐదేళ్లు ఆలస్యంగా. కాబట్టి తేదీలు అందరికీ ఒకటే కావు. మీ క్యాలెండరులో పండగ వచ్చినంత మాత్రాన మా ఇంట్లో పొద్దు పొడవదు.

మేం పండగకి అడ్డమా?

ఇలా రాస్తే "వీళ్లు అభివృద్ధికి అడ్డం, పండగంటే పడదు" అంటారు. మాకు పండగ నేర్పేదెవరు? మాకు విత్తనాల పండగుంది, మామిడికాయ పండగుంది, కొత్తల పండగుంది. కొత్తల పండగ రివాజు ఏంటో తెలుసా? చేను పండినా, ఆకలేసినా, ఊరంతా కలిసి కొలుపు చేసేదాకా కొత్త గింజ ఎవరూ నోట్లో వేసుకోరు. పెద్దైనా, పటేలైనా, పూజారైనా అంతే. పంట కళ్ల ముందుండాలి, ఊరంతా ఉండాలి, అప్పుడే డోలు.

సర్కారు పండగ దీనికి తిరగబడి ఉంటుంది. పంట ఇంకా విత్తలేదు, డోలు ముందే మోగుతుంది. వాటా గురించి అడిగితే ఇరవై ఏళ్లాగండి అంటారు. ఇరవై ఏళ్లు ఆగితే ఇంకో డాక్యుమెంట్ వస్తుంది, ఇంకో అంకె వస్తుంది. 2020 అయిపోయింది, ఇప్పుడు 2047. 2000 సెప్టెంబర్లో ఐక్యరాజ్య సమితి కూడా సహస్రాబ్ది లక్ష్యాలకి పునాది వేసింది, 2015 గడువు పెట్టింది. ఆ లక్ష్యాల్లో ఆదివాసీ అనే మాటే లేదు. పెద్ద పండగైనా చిన్న పండగైనా మా పేరు వచ్చేది సాంస్కృతిక కార్యక్రమాల లిస్టులోనే.

అందుకే మా డిమాండ్లు 2047కి కాదు, ఈ సంవత్సరానికి.

ఒకటి: జీవో 3 స్థానంలో కోర్టులో నిలబడే చట్టం అసెంబ్లీలో పెట్టాలి. షెడ్యూల్డు ప్రాంతాల ప్రైమరీ స్కూళ్లలో ఆ ఊరి ఆదివాసీ భాష రావడాన్ని తప్పనిసరి అర్హతగా పెట్టాలి. స్థానిక ఆదివాసీ అభ్యర్థులకి స్పెషల్ డీఎస్సీ వేయాలి.

రెండు: పోలవరంలో 45.72 మీటర్ల దాకా మునిగే ప్రతి కుటుంబాన్నీ ఒకే లిస్టులో పెట్టాలి. భూమికి భూమి, ఇల్లు, బడి చూపించేదాకా నీళ్లు నిలబెట్టకూడదు.

మూడు: డెల్టాలో కాలువ గట్ల మీద, చెరువుల దగ్గర ఉన్న యానాది, ఎరుకల కుటుంబాల దగ్గరికి అధికారులే వెళ్లి కులం సర్టిఫికెట్, ఆధార్, ఇంటి పట్టా ఇవ్వాలి. వాళ్లని ఆఫీసుల చుట్టూ తిప్పొద్దు.

నాలుగు: స్వర్ణాంధ్ర 2047లో మా ప్రాంతాల గురించి ఏం రాశారో మా భాషల్లో చెప్పి, గ్రామసభలో పెట్టాలి. గ్రామసభ ఒప్పుకోనిది విజన్ కాదు, ఆర్డరు.

ఇక మన వాళ్లకి ఒక మాట. ధింసా బృందాల్లో, కొమ్ము కోయ బృందాల్లో ఉన్న అక్కలారా, అన్నలారా, మీ ఆట మన గౌరవం. దాన్ని ఎవరూ మానమనడం లేదు. కానీ ఈసారి విజయవాడ నుంచి పిలుపొస్తే, బస్సు ఎప్పుడొస్తుంది, భోజనం ఎక్కడ అని అడిగే ముందు ఈ నాలుగు కాగితాలు ఎక్కడని అడగండి. ఆగస్టు 9న స్టేజీ ఎక్కితే, ఆటకి ముందు ఈ డిమాండ్లు మైకులో చదవండి. చదవనివ్వకపోతే కొమ్ములు తలకి పెట్టుకోకుండానే దిగిపోండి. ఆ ఖాళీ స్టేజీ ఫోటో చాలు, అసెంబ్లీ దాకా పోతుంది.

పంట చూపించండి. అప్పుడు డోలు మేమే మోస్తాం.

మావ నాటే మావ రాజ్!
జల్, జంగల్, జమీన్ మాదే!
జై ఆదివాసీ!